1965 భారత్–పాకిస్తాన్ యుద్ధం: ఇరుపక్షాల సైనిక బలాన్ని అంచనా వేయడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

సైనిక బలాన్ని అంచనా వేయడానికి 1965 యుద్ధాన్నే ఎందుకు ఎంచుకోవాలి?

ఆ యుద్ధం పూర్తి స్థాయిలో సాగింది మూడు వారాలే. 1965 ఆగస్టు మొదటి వారంలో కాశ్మీర్‌లోకి సాయుధులను చొప్పించడంతో పాకిస్తాన్ ‘ఆపరేషన్ జిబ్రాల్టర్’ మొదలుపెట్టింది. ఆగస్టు 28న భారత సేనలు హాజీ పీర్ కనుమను స్వాధీనం చేసుకున్నాయి. సెప్టెంబర్ 1న అఖ్నూర్ వంతెనను లక్ష్యంగా పెట్టుకుని పాకిస్తాన్ జమ్మూ ప్రాంతంలోని ఛంబ్ రంగంలో ట్యాంకులతో ‘ఆపరేషన్ గ్రాండ్ స్లామ్’ ప్రారంభించింది. సెప్టెంబర్ 6న భారత సైన్యం లాహోర్ దిశగా అంతర్జాతీయ సరిహద్దు దాటింది. సెప్టెంబర్ 23 తెల్లవారుజామున కాల్పుల విరమణ అమల్లోకి వచ్చింది.

రెండు పక్షాలూ తామే గెలిచామని ప్రకటించుకున్న యుద్ధమిది. పాకిస్తాన్ ఇప్పటికీ సెప్టెంబర్ 6ను రక్షణ దినంగా జరుపుకుంటుంది. భారత ప్రభుత్వం 2015లో స్వర్ణోత్సవం నిర్వహించింది. ఇంత తక్కువ కాలంలో ఆగిపోయిన పోరు నుంచి ఏ సైన్యం ఎంత బలమైనదో తేల్చడం ఎందుకు కష్టమో ఈ ఉదాహరణ చూపినంత స్పష్టంగా మన ఉపఖండ చరిత్రలో మరొకటి చూపదని నా అభిప్రాయం. పైగా ఆరేళ్ల తర్వాత ఆ రెండు సైన్యాలే మళ్లీ తలపడ్డాయి కాబట్టి అప్పటి అంచనాలను పరీక్షించుకునే అవకాశం కూడా ఉంది.

అసలు ఆ యుద్ధంలో ఎవరు గెలిచారు?

ఆక్రమించిన భూమిని బట్టి చూస్తే భారత్‌ది పైచేయి. తటస్థ అంచనాల ప్రకారం కాల్పుల విరమణ నాటికి భారత్ చేతిలో సుమారు 1,840 చదరపు కిలోమీటర్ల పాకిస్తాన్ భూభాగం ఉండగా, పాకిస్తాన్ చేతిలో సుమారు 545 చదరపు కిలోమీటర్ల భారత భూభాగం ఉంది. ప్రాణనష్టం భారత్ వైపు సుమారు 3,000, పాకిస్తాన్ వైపు సుమారు 3,800 అని సాధారణంగా చెబుతారు. దాడికి దిగినవారి లక్ష్యం నెరవేరిందా అన్న కొలతతో చూసినా ఫలితం పాకిస్తాన్‌కు ప్రతికూలమే. కాశ్మీర్ లోయలో ప్రజలు తిరగబడతారన్న ఆశ ఫలించలేదు, అఖ్నూర్ చేజిక్కలేదు.

అయితే యుద్ధ ఫలితం వేరు, సైనిక బలం వేరు. 1966 జనవరి 10 నాటి తాష్కెంట్ ప్రకటన ప్రకారం రెండు సైన్యాలూ ఆగస్టు 5 నాటి స్థానాలకు వెనక్కి వెళ్లాయి. ఎంతో కష్టపడి గెలిచిన హాజీ పీర్ కూడా తిరిగి ఇచ్చేయవలసి వచ్చింది. భూమి లెక్కలో మరొక చిక్కు కూడా ఉంది. ఒక పక్షం ఎక్కువ నేలను పట్టుకోవడానికి కారణం ఆ నేల రక్షణ లేనిది కావడమూ కావచ్చు, ఎదుటి పక్షం తన బలగాలను మరోచోట కూడగట్టుకోవడమూ కావచ్చు. చదరపు కిలోమీటర్ల పట్టిక ఆ తేడా చెప్పదు.

కూలిన విమానాలు, ధ్వంసమైన ట్యాంకుల లెక్కలు రెండు దేశాల పుస్తకాల్లో ఎందుకు అంత వేరుగా ఉన్నాయి?

వైమానిక నష్టాలనే తీసుకుందాం. నూరుకు పైగా భారత విమానాలను నాశనం చేశామని పాకిస్తాన్ చెప్పుకుంది, తన నష్టం ఇరవై లోపేనంది. డెబ్బైకి పైగా పాకిస్తాన్ విమానాలను కూల్చామని భారత్ అప్పట్లో ప్రకటించింది, తన నష్టం సుమారు అరవై అని తర్వాత ఒప్పుకుంది. ఈ అంతరమంతా అబద్ధాల వల్లనే వచ్చిందనుకోవడం సరికాదు. గాలిలో కొన్ని సెకన్ల పాటు సాగే పోరులో, పొగ వదులుతూ కిందికి జారిన శత్రు విమానం కూలిందో, ఎలాగో తన స్థావరం చేరిందో పైలట్‌కు తెలియదు. ఒకే విమానాన్ని ఇద్దరు పైలట్లు తమ ఖాతాలో రాసుకున్న సందర్భాలూ ఉంటాయి. సెప్టెంబర్ 7న స్క్వాడ్రన్ లీడర్ ఎం.ఎం. ఆలమ్ నిమిషంలోపే ఐదు హంటర్ విమానాలను కూల్చారని పాకిస్తాన్ వైమానిక దళం నమోదు చేసింది, ఆ లెక్కను భారత్ పక్షపు చరిత్రకారులు అంగీకరించరు. మరోవైపు అదే రోజు పాకిస్తాన్‌లోని సర్గోధా వైమానిక స్థావరంపై జరిగిన దాడిలో స్క్వాడ్రన్ లీడర్ ఎ.బి. దేవయ్య తన మిస్టీర్ విమానంతో ఒక పాకిస్తాన్ స్టార్‌ఫైటర్ విమానాన్ని కూల్చిన విషయం భారత వైమానిక దళానికే చాలా ఏళ్ల పాటు తెలియలేదు. ఆయన తిరిగి రాలేదు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ప్రకటించింది 1988లో. ఎదుటివారి నష్టాన్ని పెంచి చెప్పడమే కాదు, తాము సాధించినది తమకే తెలియకపోవడం కూడా యుద్ధంలో జరుగుతుంది.

అందువల్ల ఒక పక్షం తన నష్టంగా ఒప్పుకున్న సంఖ్యను కనీస పరిమితిగా, ఎదుటి పక్షం చెప్పుకున్న సంఖ్యను గరిష్ఠ పరిమితిగా తీసుకుని, ఆ రెంటి మధ్య ఎక్కడో నిజం ఉందని భావించడం మంచిది. అలా తేలిన సంఖ్య కూడా ఏం జరిగిందో చెబుతుంది తప్ప, యుద్ధం మరో నెల సాగి ఉంటే ఏం జరిగేదో చెప్పదు. ఉదాహరణకు సెప్టెంబర్ 6 సాయంత్రం పఠాన్‌కోట్ స్థావరంపై పాకిస్తాన్ సేబర్ విమానాలు చేసిన దాడిలో పది విమానాల దాకా నేలమీదే కాలిపోయాయి. అది భారత్‌కు పెద్ద దెబ్బే. అక్కడ బయటపడిన లోపం మాత్రం పైలట్ల నైపుణ్యానిది కాదు. ముందస్తు హెచ్చరిక వ్యవస్థది, విమానాలను చెదరగొట్టి దాచి ఉంచకపోవడానిది. అలాంటి లోపాన్ని దిద్దుకోవడం కొత్త విమానాలు కొనడం కంటే తేలిక.

పాకిస్తాన్ దగ్గర మేలైన పాటన్ ట్యాంకులు ఉన్నా అసల్ ఉత్తర్‌లో ఎందుకు ఓడిపోయింది?

పట్టికలో చూస్తే పాటన్ ఆ కాలపు మంచి ట్యాంకుల్లో ఒకటి. 1954 ఒప్పందం తర్వాత అమెరికా సైనిక సహాయంలో భాగంగా అది పాకిస్తాన్‌కు అందింది. సెప్టెంబర్ 8 నుంచి 10 వరకు పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ దగ్గర, అసల్ ఉత్తర్ గ్రామ పరిసరాల్లో, పాకిస్తాన్ 1వ ఆర్మర్డ్ (ట్యాంకుల) డివిజన్ భారత 4వ మౌంటెన్ డివిజన్‌ను, 2వ స్వతంత్ర ఆర్మర్డ్ బ్రిగేడ్‌ను ఢీకొంది. భారత వైపు ఉన్నవి కొన్ని సెంచూరియన్‌లు, రెండో ప్రపంచ యుద్ధం నాటి షెర్మన్‌లు, తేలికపాటి ఎ.ఎం.ఎక్స్. ట్యాంకులు. అయినా భారత లెక్క ప్రకారం పాకిస్తాన్ అక్కడ 97 ట్యాంకులు కోల్పోయింది. పట్టుబడ్డ పాటన్‌లను భిఖీవిండ్ దగ్గర వరుసగా నిలబెట్టిన చోటును జనం ‘పాటన్ నగర్’ అన్నారు.

దీనికి కారణాలు అనేకం. వెనక్కి తగ్గిన భారత దళాలు గుర్రపు నాడా ఆకారంలో మోహరించి, శత్రువు తమ మధ్యకు వచ్చేదాకా కాల్పులు జరపకుండా కాచుకున్నాయి. చెరకు తోటలు ట్యాంకులను దాచాయి. పొలాల్లోకి నీళ్లు వదలడంతో బరువైన పాటన్‌లు బురదలో కూరుకుపోయాయి, పక్కకు తిరిగి చుట్టుముట్టే దారి వాటికి మూసుకుపోయింది. జీపుపై అమర్చిన రికాయిల్‌లెస్ గన్ అనే ట్యాంకు విధ్వంసక తుపాకీతో వరుసగా ట్యాంకులను ధ్వంసం చేసి ప్రాణాలర్పించిన 4వ గ్రెనేడియర్స్ హవల్దార్ అబ్దుల్ హమీద్‌కు పరమవీర చక్ర లభించింది. సెంచూరియన్, షెర్మన్ ఫిరంగుల గురిపెట్టే విధానం సులువైనది. పాటన్‌లోని దూరాన్ని కొలిచే పరికరం మేలైనదే అయినా దాన్ని వాడడానికి దీర్ఘమైన శిక్షణ అవసరం. ట్యాంకు పక్కన నడవవలసిన పదాతిదళం వెనకబడిపోవడం పాకిస్తాన్‌కు మరింత నష్టం తెచ్చింది.

ఇక్కడ అంచనా వేసేవారు గమనించవలసినది ఒకటుంది. ఇదే 4వ డివిజన్ 1962లో ఈశాన్య సరిహద్దులోని నామ్‌కా చూ, సేలా దగ్గర చైనా చేతిలో చెల్లాచెదురైంది. మూడేళ్లకే అదే డివిజన్ ఇలా నిలబడింది. పాత ఓటమిని చూసి ఆ దళం విలువ కట్టినవాళ్లు దెబ్బతిన్నారు.

అలాగైతే భారత ట్యాంకు దళమే మేలైనదని చెప్పవచ్చా?

చెప్పలేం. పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ రంగంలో భారత 1వ ఆర్మర్డ్ డివిజన్ సెప్టెంబర్ 11న ఫిల్లోరాను గెలుచుకుంది కానీ, తర్వాత చవిండా దగ్గర రోజుల తరబడి పోరాడినా ముందుకు సాగలేకపోయింది. అక్కడ రక్షణలో ఉన్నది పాకిస్తాన్. అసల్ ఉత్తర్‌లో రక్షణలో ఉన్నది భారత్. రెండు చోట్లా నిలబడి కాచుకున్నవారే మెరుగ్గా పోరాడారు, దాడిచేసినవారు తమ ఫిరంగిదళాన్ని, పదాతిదళాన్ని, ట్యాంకులను ఒక్క దెబ్బగా కలిపి కొట్టలేకపోయారు. అసల్ ఉత్తర్‌లో గెలిచిన తర్వాత కూడా భారత దళాలు ఖేమ్‌కరణ్ పట్టణాన్ని తిరిగి తీసుకోలేకపోయాయి. కాల్పుల విరమణ నాటికి అది పాకిస్తాన్ చేతిలోనే ఉంది.

సెప్టెంబర్ 6నే లెఫ్టినెంట్ కల్నల్ డెస్మండ్ హేడ్ నాయకత్వంలోని 3వ జాట్ బెటాలియన్ లాహోర్‌కు రక్షణగా ఉన్న ఇఛోగిల్ కాలువ దాటి లాహోర్ శివార్ల దాకా చేరింది. వెనకనుంచి సాయం సకాలంలో అందక వెనక్కి రావలసి వచ్చింది. ఆ బెటాలియనే సెప్టెంబర్ 21–22 రాత్రి అనేక ప్రాణాలు బలిచ్చి డోగ్రాయ్ గ్రామాన్ని మళ్లీ గెలిచింది. ఆ ఒక్క రోజు అందివచ్చిన అవకాశం జారిపోవడానికి కారణం సైనికుల ధైర్యం తక్కువ కావడం కాదు, బెటాలియన్ సాధించిన దాన్ని పైస్థాయి అధికారులు వెంటనే గుర్తించి వాడుకోలేకపోవడం. నా దృష్టిలో 1965లో రెండు సైన్యాల ఉమ్మడి బలహీనత ఇదే. కిందిస్థాయిలో పోరాటపటిమ ఉంది, పైస్థాయిలో పెద్ద దళాలను నడిపించే అలవాటు లేదు.

పాకిస్తాన్ వైపు కూడా ఇదే కనబడుతుంది. ఛంబ్‌లో దాడి వేగంగా సాగుతున్న సెప్టెంబర్ 2న మేజర్ జనరల్ అఖ్తర్ హుస్సేన్ మాలిక్‌ను తప్పించి యాహ్యా ఖాన్‌కు పగ్గాలు అప్పగించారు. ఆ మార్పులో గడిచిన సమయంలో భారత దళాలు అఖ్నూర్‌కు అడ్డంగా నిలదొక్కుకున్నాయి.

వైమానిక దళాల్లో ఏది బలమైనది?

పాకిస్తాన్ వైమానిక దళం చిన్నది, శిక్షణలో మెరుగైనది, చొరవ ఎక్కువగా చూపింది. దానికి సేబర్‌లు, కొన్ని స్టార్‌ఫైటర్‌లు, బి–57 బాంబర్లు, అమెరికన్ రాడార్లు ఉన్నాయి. భారత్ దగ్గర సంఖ్య ఎక్కువ, రకాలూ ఎక్కువ. హంటర్, నాట్, మిస్టీర్, కాన్‌బెర్రా, అప్పుడే వచ్చిన కొన్ని మిగ్–21లతో పాటు కాలం చెల్లిన వాంపైర్‌లనూ సెప్టెంబర్ 1న ఛంబ్ మీదికి పంపారు. అక్కడ నాలుగు వాంపైర్‌లు కూలిపోవడంతో వాటిని ముందు వరుస నుంచి తప్పించారు. చిన్న విమానమైన నాట్ మాత్రం సేబర్‌లకు గట్టి పోటీ ఇచ్చింది. ఒక నాట్ పస్రూర్ దగ్గర దిగిపోయి పాకిస్తాన్ చేతికి చిక్కింది, దాన్ని ఇప్పటికీ కరాచీ మ్యూజియంలో చూడవచ్చు.

తొలి వారంలో పాకిస్తాన్‌కు ఆధిక్యం ఉందనడం న్యాయం. కానీ అంత తక్కువ విమానాలున్న దళానికి రోజువారీ నష్టాలను భర్తీ చేసుకునే దారి లేదు. భారత్ తన విమానాల్లో ఒక భాగాన్ని చైనా వైపు, తూర్పు పాకిస్తాన్ (నేటి బంగ్లాదేశ్) వైపు ఉంచింది. వాటిని పడమటికి తెచ్చే అవకాశం ఎప్పుడూ ఉంది. మూడు వారాల యుద్ధంలో శిక్షణకు, చొరవకు విలువ ఎక్కువ, మూడు నెలల యుద్ధంలో నష్టాలను భర్తీ చేసుకునే శక్తికి.

కాల్పుల విరమణ నాటికి ఎవరి దగ్గర ఎంత బలం మిగిలి ఉంది?

ఈ యుద్ధం గురించి అడగవలసిన అన్ని ప్రశ్నల్లోకి ముఖ్యమైనది ఇదే అని నేను నమ్ముతాను, అడిగేవారు మాత్రం తక్కువ.

యుద్ధం మూడో వారంలో, ఐక్యరాజ్యసమితి ఒత్తిడి పెరుగుతున్నప్పుడు, మరికొన్ని రోజులు పోరాడితే చెప్పుకోదగ్గ విజయం దక్కుతుందా అని ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి సైన్యాధ్యక్షుడు జనరల్ జె.ఎన్. చౌధురిని అడిగారు. ముందు వరుస మందుగుండు చాలావరకు ఖర్చయిపోయిందని, ట్యాంకుల నష్టం కూడా గణనీయంగా ఉందని చౌధురి చెప్పారు. భద్రతా మండలి సెప్టెంబర్ 20న చేసిన తీర్మానం ప్రకారం కాల్పుల విరమణకు భారత్ ఒప్పుకుంది. తర్వాత లెక్క చూస్తే అప్పటికి ఖర్చయినది ముందు వరుస మందుగుండులో సుమారు 14 శాతమేనని, ట్యాంకుల విషయంలోనూ పాకిస్తాన్ కంటే భారత్ స్థితి ఎంతో మెరుగ్గా ఉందని భారత రక్షణ శాఖ చరిత్ర విభాగం రాసింది.

ఇంత పెద్ద పొరపాటు ఎలా జరిగిందో ఆలోచించాలి. యుద్ధ సమయంలో కేంద్ర కార్యాలయానికి అందేవి ముందు వరుస నుంచి వచ్చే అభ్యర్థనలు. ప్రతి డివిజన్ తనకు గుండ్లు చాలడం లేదని, ఇంకా పంపమని అడుగుతుంది. అది ఆ డివిజన్ దృష్టిలో నిజమే. డిపోల్లో ఎంత నిల్వ ఉందో, రైళ్లలో ఎంత కదులుతోందో, ఏ రకం గుండ్లు తక్కువో, ఏవి ఎక్కువో ఒకచోట కూడి చూసే యంత్రాంగం బలహీనంగా ఉంటే, నాయకుడికి కనబడేది అభ్యర్థనల కుప్ప మాత్రమే. మన ఇంట్లో ధాన్యం ఎంతుందో గాదె తెరిచి చూడకుండా, వంటింట్లో డబ్బాలు ఖాళీ అయ్యాయని అప్పుకు పరిగెత్తిన తీరుగా ఉంది ఈ వ్యవహారం.

పాకిస్తాన్ పరిస్థితి దీనికి భిన్నం. అమెరికా సరఫరాలు ఆగిపోయాక దాని నిల్వలు వేగంగా తరిగిపోతున్నాయి, ఎప్పుడు నింపుకోగలదో తెలియదు. ఆ విధంగా చూస్తే, కాల్పుల విరమణ ఎవరికి ఎక్కువ అవసరమో తెలియకుండానే రెండు ప్రభుత్వాలూ దానికి ఒప్పుకున్నాయి. కనబడే నష్టాల పట్టికను మాత్రమే పెట్టుకుని బలాన్ని తూచిన ఆనాటి పత్రికలకు ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు.

ఇతర దేశాల ఆయుధాలపై ఆధారపడటం ఎంత ప్రభావం చూపింది?

సెప్టెంబర్ 8న అమెరికా రెండు దేశాలకూ ఆయుధ సరఫరా నిలిపివేసింది. బ్రిటన్ కూడా భారత్‌కు సరఫరాలు ఆపింది. పైకి సమానంగా కనబడే ఈ నిర్ణయం పాకిస్తాన్‌ను ఎక్కువ దెబ్బతీసింది. దాని ట్యాంకులు, విమానాలు, గుండ్లు, విడిభాగాలు ప్రధానంగా ఒకే దేశం నుంచి వచ్చినవి కావడమే కారణం. భారత్ ఆయుధాలు బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ నుంచి వచ్చాయి, మందుగుండులో కొంతభాగం మన ఆయుధ కర్మాగారాల్లోనే తయారయ్యేది. శాంతికాలంలో రకరకాల ఆయుధాలు ఉండటం నిర్వహణకు భారం. సరఫరా ఆగిన రోజున అదే ఒక రక్షణ అయింది.

యుద్ధానికి ముందు రెండు పక్షాలూ ఎదుటివారిని ఎందుకు తప్పుగా అంచనా వేశాయి?

పాకిస్తాన్ ముందున్న తాజా ఉదాహరణలు రెండు. ఒకటి 1962లో చైనా చేతిలో భారత్ ఓటమి. రెండోది 1965 ఏప్రిల్‌లో రాన్ ఆఫ్ కచ్ ఘర్షణ. అక్కడ పాకిస్తాన్ దళాలు మెరుగ్గా పోరాడాయి. బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ మధ్యవర్తిత్వంతో జూన్ 30న ఒప్పందం కుదిరింది. ఉప్పు బీడులో, పరిమిత లక్ష్యాలతో జరిగిన ఆ చిన్న పోరు నుంచి భారత సైన్యం మొత్తం బలహీనమైనదని అధ్యక్షుడు అయూబ్ ఖాన్ సలహాదారులు తేల్చుకున్నారు. ఆగస్టు 29న అయూబ్ జారీచేసిన ఆదేశంలో, సరైన చోట సరైన సమయంలో ఒకటి రెండు గట్టి దెబ్బలు తగిలితే భారతీయుల మనోబలం నిలవదన్న భావం స్పష్టంగా ఉంది. కాశ్మీర్‌లో దాడి జరిగితే భారత్ పంజాబ్‌లో సరిహద్దు దాటదని కూడా వారు నమ్మారు. శత్రువు ఎక్కడ పోరాడాలో కూడా తామే నిర్ణయించగలమని అనుకోవడం ఘోరమైన పొరపాటు.

భారత్ అంచనా లోపం మరో రకం. 1962 తర్వాత సైన్యాన్ని 8,25,000 మందికి, వైమానిక దళాన్ని 45 స్క్వాడ్రన్‌లకు పెంచే ప్రణాళిక నడుస్తోంది. దృష్టంతా చైనా సరిహద్దు మీద, మౌంటెన్ డివిజన్‌ల ఏర్పాటు మీద ఉంది. పాకిస్తాన్ రెండో ఆర్మర్డ్ డివిజన్‌ను సిద్ధం చేసుకున్న సంగతిని మన గూఢచార వ్యవస్థ సరిగా పసిగట్టలేకపోయింది. సియాల్‌కోట్ రంగంలో దాని ఫలితం చవిండా దగ్గర అనుభవానికి వచ్చింది.

భారత సైన్యం సంఖ్యలో చాలా పెద్దది కదా, అది చాలదా?

మొత్తం సంఖ్యతో పోలిక తప్పుదారి పట్టిస్తుంది. భారత దళాల్లో పెద్దభాగం హిమాలయ సరిహద్దుకు కట్టుబడి ఉంది. సెప్టెంబర్ మధ్యలో చైనా హెచ్చరిక పంపాక వాటిని కదిలించడం మరింత కష్టమైంది. పంజాబ్, జమ్మూ రంగాల్లో నిజంగా ఎదురెదురుగా నిలిచిన ట్యాంకులు, ఫిరంగుల్లో పాకిస్తాన్ సమానంగానో, కొన్నిచోట్ల మెరుగ్గానో ఉంది.

నౌకాదళాల పాత్ర ఏమిటి?

చాలా స్వల్పం. సెప్టెంబర్ 7 రాత్రి పాకిస్తాన్ నౌకలు ద్వారకపై గుండ్లు కురిపించి వెళ్లాయి. విమానవాహక నౌక విక్రాంత్ మరమ్మతుల్లో ఉంది, యుద్ధం సముద్రానికి విస్తరించకూడదని ప్రభుత్వం భావించింది. దీన్ని బట్టి భారత నౌకాదళం చేతకానిదని నిర్ణయించినవారు 1971 డిసెంబర్‌లో కరాచీ రేవు తగలబడినప్పుడు ఆశ్చర్యపోవలసి వచ్చింది.

తూర్పు పాకిస్తాన్‌లో యుద్ధం జరగలేదు. దాన్ని లెక్కలోకి తీసుకోవాలా?

తప్పకుండా తీసుకోవాలి. తూర్పు రక్షణ పడమటిలోనే ఉందన్నది పాకిస్తాన్ సైనిక సిద్ధాంతం. అందుకే ఢాకా కేంద్రంగా ఒక్క డివిజన్‌ను, కొన్ని సేబర్ విమానాలను మాత్రమే ఉంచింది. ఆ సేబర్‌లు సెప్టెంబర్ 7న పశ్చిమ బెంగాల్‌లోని కలైకుండా వైమానిక స్థావరంపై దాడిచేసి నష్టం కలిగించినా, భారత్ అటువైపు యుద్ధాన్ని పెంచలేదు. దాంతో ఆ సిద్ధాంతం పరీక్షకు నిలవకుండానే బతికిపోయింది. కానీ తమను అనాథలుగా వదిలేశారన్న భావన అక్కడి ప్రజల్లో బలపడింది. 1966 ఫిబ్రవరిలో షేక్ ముజిబుర్ రహ్మాన్ ప్రకటించిన ఆరు సూత్రాల్లో తూర్పు ప్రాంతానికి సొంత రక్షణ బలగం ఉండాలన్న కోరిక కూడా ఉంది. తుపాకీ పేలని చోటే దేశపు అతిపెద్ద బలహీనత ఉంటుందని 1965లో ఎవరూ రాయలేదు.

యుద్ధం తర్వాత ఎవరు ఏమి దిద్దుకున్నారు?

నా లెక్కలో బలానికి అసలైన కొలత ఇదే, అందుకే దీనికి కాస్త ఎక్కువ చోటిస్తున్నాను. కచ్‌లో సరిహద్దు కాపలా రాష్ట్ర పోలీసు, రిజర్వు పోలీసు దళాల చేతిలో ఉండటం వల్ల వచ్చిన ఇబ్బందిని చూసి, భారత్ 1965 డిసెంబర్ 1న సరిహద్దు భద్రతా దళాన్ని ఏర్పాటు చేసింది. దాని తొలి అధిపతి కె.ఎఫ్. రుస్తుంజీ. విదేశీ గూఢచర్యం కోసం 1968లో ఆర్.ఎన్. కావ్ నాయకత్వంలో ‘రా’ ఏర్పడింది. సోవియట్ యూనియన్ నుంచి టి–55 ట్యాంకులు, సుఖోయ్–7 విమానాలు, జలాంతర్గాములు, ఆ తర్వాత క్షిపణి పడవలు వచ్చాయి. ఆవడి కర్మాగారంలో విజయంత ట్యాంకు తయారీ మొదలైంది. మిగ్–21ను దేశంలోనే నిర్మించే పథకంలో విమానపు చట్రం నాసిక్‌లో, ఇంజన్ కోరాపుట్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాద్‌లోని హిందుస్తాన్ ఏరోనాటిక్స్ విభాగంలో తయారయ్యాయి. విశాఖపట్నం కేంద్రంగా 1968లో తూర్పు నౌకాదళ కమాండ్ ఏర్పడింది.

పాకిస్తాన్ కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. చైనా నుంచి టి–59 ట్యాంకులు, ఎఫ్–6 విమానాలు, ఫ్రాన్స్ నుంచి మిరాజ్‌లు, జలాంతర్గాములు తెచ్చుకుని అమెరికాపై ఆధారాన్ని తగ్గించుకుంది. కానీ ఆయుధాలను మార్చినంతగా ఆలోచనను మార్చలేదు. తామే గెలిచామని ప్రజలకు చెప్పిన మాటను సైనిక నాయకత్వం కూడా నమ్మడంతో, జిబ్రాల్టర్ ఎందుకు విఫలమైందో, తూర్పును ఎలా కాపాడుకోవాలో బహిరంగంగా చర్చించడానికి తావు లేకపోయింది.

1971 ఫలితం ఈ అంచనాను రుజువు చేస్తుందా?

కొంతవరకే. 1971 డిసెంబర్ 3 నుంచి 16 వరకు సాగిన యుద్ధంలో తూర్పున భారత్ సాధించిన గెలుపుకు సైన్యంతో పాటు ముక్తిబాహిని అనే బెంగాలీ విమోచన దళం, తూర్పు ప్రజల మద్దతు, సోవియట్ ఒప్పందం, నెలల తరబడి తీరిగ్గా చేసిన సన్నాహం కారణాలు. ఆ పరిస్థితులేవీ 1965లో లేవు. త్రివిధ దళాల మధ్య సమన్వయం మెరుగైందన్నది మాత్రం స్పష్టం. పడమటి రంగంలో 1971లో కూడా రెండు సైన్యాలూ దాదాపు సమఉజ్జీలుగానే నిలిచాయి, ఛంబ్ మళ్లీ పాకిస్తాన్ వశమైంది. ఆ భాగాన్ని మరచిపోయి తూర్పు విజయం ఒక్కదాన్నే చూసేవారు 1965లో అయూబ్ చేసిన పొరపాటునే చేస్తున్నారు.

ఈ యుద్ధంతో తెలుగు ప్రాంతాలకు సంబంధం ఉందా?

ఉంది. అసల్ ఉత్తర్‌లో షెర్మన్ ట్యాంకులతో పోరాడిన డెక్కన్ హార్స్ రెజిమెంటు మూలాలు నిజాం కాలపు హైదరాబాద్ అశ్వికదళంలో ఉన్నాయి. ఫిల్లోరా, చవిండా రంగంలో పూనా హార్స్‌ను నడిపించి, గాయపడినా వెనక్కి వెళ్లకుండా సెప్టెంబర్ 16న నేలకొరిగి పరమవీర చక్ర పొందిన లెఫ్టినెంట్ కల్నల్ ఎ.బి. తారాపూర్ తన సైనిక జీవితాన్ని హైదరాబాద్ సంస్థాన సైన్యంలోనే ప్రారంభించారు.

ఇతర చిన్న యుద్ధాలకూ ఈ పద్ధతి వర్తిస్తుందా?

వర్తిస్తుంది. 1967 జూన్‌లో ఆరు రోజుల్లో ఇజ్రాయెల్ మూడు అరబ్ దేశాలను ఓడించినప్పుడు, ఈజిప్ట్ సైన్యం ఒక తరం దాకా లేవదని చాలామంది అనుకున్నారు. 1973 అక్టోబర్ 6న అదే సైన్యం సూయజ్ కాలువ దాటి ఇజ్రాయెల్ రక్షణ వరుస అయిన బార్‌లేవ్ రేఖను ఛేదించింది. ఓడినవారు తమ ఓటమిని క్షుణ్ణంగా చదువుకున్నారు, గెలిచినవారు తమ గెలుపు మీద నమ్మకం పెంచుకున్నారు.

ఈ విషయంపై అధికారిక పత్రాలు చదవవచ్చా?

భారత రక్షణ శాఖ చరిత్ర విభాగం 1992లో సిద్ధం చేసిన గ్రంథం చాలాకాలం పరిమిత వినియోగానికే ఉండిపోయినా ఇప్పుడు పాఠకులకు దొరుకుతోంది. మన వైఫల్యాలను దాచకుండా రాసినందుకు దాన్ని గౌరవించాలి. పాకిస్తాన్ వైపు అధికారుల జ్ఞాపకాలు, ముఖ్యంగా వైమానిక దళాధిపతులు అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ తర్వాతి కాలంలో వెలిబుచ్చిన విమర్శలు ఉపయోగపడతాయి. చదివేటప్పుడు ప్రతి రచయితా ఆ యుద్ధంలో ఏ రంగంలో, ఏ హోదాలో ఉన్నాడో ముందు చూసుకోవాలి. సైన్యాధ్యక్షుడు చౌధురికి, పశ్చిమ కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ హర్‌బక్ష్ సింగ్‌కు మధ్య బియాస్ నది వెనక్కి తగ్గాలా వద్దా అన్న విషయంలో వచ్చిన విభేదాన్ని ఒకరి కథనం ఆధారంగా నిర్ణయించడం సాధ్యం కాదు.